ఉద్దానం ఉప్పుగాలిలో అయిదేళ్లు: ఇంట్లో చేసుకున్న వైఫై యాంటెన్నాలతో నా అనుభవం

2020 జూన్‌లో లాక్‌డౌన్‌కి హైదరాబాద్ నుంచి మా ఊరు వచ్చేశాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి మండలంలో కొబ్బరితోటల మధ్య ఊరు. ఫైబర్ కనెక్షన్ రోడ్డు పక్కనున్న పెదనాన్న వాళ్లింటి వరకే ఉంది, మా ఇల్లు అక్కణ్నుంచి తోటలోకి మూడువందల మీటర్లు. అంత దూరం వైరు లాగడానికి అప్పట్లో ఎవరూ రాలేదు, ఫోన్ సిగ్నల్ చూస్తే మేడ మీద ఒక మూల నిలబడితే తప్ప దొరకదు, ఆఫీసు మీటింగులేమో రోజుకి మూడు. పెదనాన్నని అడిగితే "వాడుకోరా, దానికేటి, ఇది మాత్రం నీ ఇల్లు కాదా" అన్నారు. కానీ వాడుకోవాలంటే ఆ సిగ్నల్ మా ఇంటిదాకా రావాలి కదా.

అప్పట్నుంచి ఇప్పటిదాకా నాలుగు రకాల యాంటెన్నాలు చేశాను. ఒకటి మళ్లీ వంటింటికి చేరింది, ఒకటి తుప్పు పట్టిపోయింది, ఒకటి సోంపేటలో మా బావకి ఇచ్చేశాను, ఒకటి ఇప్పటికీ మేడ మీద పనిచేస్తోంది. ఎవరైనా చేసుకోవాలనుకుంటే ముందే చెప్పేస్తున్నా, రాగితీగని రెండు చదరాలుగా వంచి చేసే బైక్వాడ్ అనే యాంటెన్నా చేసుకోండి. చేశాక మీ శ్రద్ధంతా యాంటెన్నా మీద కాదు, తీగ అతికిన చోట్ల మీద పెట్టండి.

మొదట చేసింది బాండీ. ల్యాప్‌టాప్‌కి తగిలించి వైఫై పట్టే చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్‌ని బాండీ ముందు సరైన దూరంలో నిలబెడితే చాలు, అదే డిష్ అయిపోతుంది. అమ్మ ఇచ్చిన పాత అల్యూమినియం బాండీ వెడల్పు 36 సెంటీమీటర్లు, లోతు 9. వెడల్పుని వెడల్పుతోనే గుణించి, లోతుకి పదహారు రెట్లతో భాగిస్తే అడుగు నుంచి ఎంత దూరంలో తరంగాలు ఒకచోట కూడతాయో తెలుస్తుంది, నాకు 9 సెంటీమీటర్లు వచ్చింది. బాండీ ఆకారం అచ్చంగా పారాబొలా (డిష్‌కి ఉండే వంపు) కాదు కాబట్టి కాస్త ముందుకీ వెనక్కీ జరిపి చూసుకోవాలి, మాకు 10 దగ్గర బాగా పట్టింది. డాంగిల్ ఒక్కదాన్నే పిట్టగోడ మీద పెడితే మైనస్ 86 డీబీఎం (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత) ఉండేది, బాండీతో మైనస్ 77 అయింది. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, మైనస్ 67 దగ్గర వీడియో కాల్ ఆగకుండా నడుస్తుంది, మైనస్ 80 దాటిందంటే పేజీ తెరుచుకోవడమే గగనం. ప్రతి 3 డీబీకీ శక్తి రెట్టింపు అవుతుంది, అంటే 9 డీబీకి ఎనిమిది రెట్లు, వంటింటి సామానుతో అంత రావడం నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. అయితే సాయంత్రం సముద్రం గాలి మొదలైతే బాండీ పక్కకి తిరిగిపోయేది, పైగా యూఎస్‌బీ వైరు అయిదు మీటర్లు దాటితే ల్యాప్‌టాప్ డాంగిల్‌ని గుర్తుపట్టేది కాదు, అందుకని ఎండలోనైనా వానలోనైనా మేడ మెట్ల మీదే కూర్చుని పనిచేసేవాణ్ని.

తర్వాత పాలపొడి డబ్బా. 2001లో అమెరికాలో రాబ్ ఫ్లికెంజర్ అనే ఆయన ప్రింగిల్స్ చిప్స్ డబ్బాతో చేసిన యాంటెన్నా బాగా పేరు తెచ్చుకుంది, ఇప్పటికీ అందరూ దాన్నే చెబుతారు, కానీ మామూలు డబ్బా యాంటెన్నాకి ఆ డబ్బా సన్నం. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం డబ్బాలోకి సరిగ్గా దూరాలంటే వ్యాసం 73 మిల్లీమీటర్లకి మించాలి, 92 లోపుంటే ఇంకా మంచిది. నాది 90. అడుగు నుంచి 51 మిల్లీమీటర్ల దూరంలో రంధ్రం పెట్టి, కేబుల్ తగిలించే ఎన్ కనెక్టర్ బిగించి, లోపల 31 మిల్లీమీటర్ల రాగి ముక్క నిలబెట్టాను. సిగ్నల్ ఇంచుమించు బాండీ అంతే వచ్చింది. ఒక్క వానాకాలానికే రేకు తుప్పెక్కి కనెక్టర్ చుట్టూ పొడిపొడిగా రాలిపోయింది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో రేకు డబ్బాని బయట పెట్టొద్దు, అంతే.

ఇక బైక్వాడ్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కావలసింది పాతిక సెంటీమీటర్ల రాగితీగ, అరచేతి కంటే కాస్త పెద్ద లోహపు పలక, అంతే. ఇంటి వైరింగుకి ఇప్పుడొచ్చే వైర్లు చాలావరకు సన్నపోగులవి, వంచితే ఆకారం నిలవదు, కాబట్టి మోటార్లు రీవైండింగ్ చేసే షాపుకెళ్లి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న తీగ ముక్క అడగండి, నాకైతే డబ్బులు కూడా తీసుకోలేదు. పైనున్న వార్నిష్ పూతని, సోల్డరింగ్ పడాల్సిన చోట్ల బ్లేడుతో గీకేయాలి. ఆ తీగని 31 మిల్లీమీటర్లకొక వంపు చొప్పున వంచుతూ పోతే మూలకి మూల ఆనించిన రెండు చదరాలు వస్తాయి. 31 ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు అది. రెండు చదరాలూ కలిసే నడిమధ్యలో రెండు మూలలు ఎదురెదురుగా వస్తాయి, అవి ఒకదానికొకటి తగలకూడదు, రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. కేబుల్ నడిమి తీగ ఒక మూలకి, పైనుండే అల్లిక తీగ రెండో మూలకి అతకాలి. వెనక అల్యూమినియం పలక 123 మిల్లీమీటర్ల చదరం, దానికీ తీగకీ మధ్య దూరం 15 మిల్లీమీటర్లు. ఆ పదిహేనుని మాత్రం ఊహతో పెట్టకండి, స్కేలు పెట్టి నాలుగు వైపులా కొలవండి. నేను పాత పెన్ను గొట్టాన్ని సరిగ్గా 15 మిల్లీమీటర్లకి నాలుగు ముక్కలు కోసి కింద ఊతంగా పెట్టాను.

మొదటివారం నాకు మైనస్ 88 వచ్చింది, డాంగిల్ ఒక్కదానికంటే అధ్వానం. మూడు రోజులు సోల్డరింగ్ విప్పడం, మళ్లీ అతకడం. తప్పు అక్కడ లేదు. చదరాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా నిలబెట్టాను, పెదనాన్న వాళ్లింట్లో రౌటర్ యాంటెన్నాలు నిలువుగా ఉన్నాయి. చదరాలు నిలువుగా పేర్చితే తరంగం అడ్డంగా ఊగుతుంది, పక్కపక్కన పెడితే నిలువుగా ఊగుతుంది, రెండు చివరలా ఒకే తీరుగా ఉంటేనే అందుతుంది. పలకని తొంభై డిగ్రీలు తిప్పగానే మైనస్ 76. ఆ క్షణం మేడ మీద నుంచి కేక పెట్టాను, నాన్న తోటలోంచి పరిగెత్తుకొచ్చారు, ఏదో పాము కరిచిందనుకుని.

రెండో బైక్వాడ్ చేసి, యాంటెన్నా విప్పదగిన పాత రౌటర్‌కి తగిలించి పెదనాన్న వాళ్ల మేడ మీద పెట్టాక మైనస్ 67కి వచ్చింది. స్పీడ్ అంతకుముందు ఒకటి రెండు ఎంబీపీఎస్, తర్వాత పాతిక. యాంటెన్నా వినడానికీ మాట్లాడటానికీ రెండింటికీ పనికొస్తుంది, అందుకే ఒక చివర బాగుచేస్తే రెండు దిక్కులా లాభం.

కేబుల్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. సన్నని ఆర్‌జీ58 కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి దాదాపు ఒక డీబీ తినేస్తుంది, పది మీటర్లు లాగితే మీరు చేసిన యాంటెన్నా మొత్తం కేబుల్‌కే సరిపోయింది. టీవీకి వాడే ఆర్‌జీ6 దానిలో మూడో వంతే తింటుంది. అన్నిటికంటే మంచిది రౌటర్‌నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి యాంటెన్నా పక్కనే బిగించడం, కిందికి ల్యాన్ కేబుల్ దించుకోవడం. ల్యాన్ కేబుల్ వంద మీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేకుండా లాగొచ్చు. మాది ఇప్పుడు అలాగే ఉంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. సముద్రం మాకు మూడు కిలోమీటర్లు. మొదటి ఏడాది చివర సిగ్నల్ రోజుకి కొంచెం చొప్పున తగ్గుతూ వచ్చింది, యాంటెన్నాలో ఏ లోపమూ కనబడలేదు, కేబుల్ చివర కోసి చూస్తే అల్లిక తీగ జానెడు పొడవున నల్లగా మారి వేలితో నలిపితే పొడి అయిపోతోంది. నేను సీల్ చేసిన సిలికానే దానికి కారణం. పెట్టేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లో ఆసిడ్ ఉంటుంది, అది రాగిని తినేస్తుంది. వాసన రాని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. నేనిప్పుడు దాని మీద సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి చుట్టి, పైన ఇన్సులేషన్ టేపు వేస్తున్నాను. కేబుల్ కనెక్టర్‌లోకి పైనుంచి దిగకుండా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా ఒక వంపు ఇస్తే, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. అట్లా చేశాక ఏటా ఒకసారి, దసరా ముందు, విప్పి చూసి మళ్లీ చుడుతున్నాను, నాలుగేళ్లలో కేబుల్ ఒక్కసారే మార్చాను.

పాత డీటీహెచ్ డిష్ కూడా వాడాను, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే భాగం) తీసి అక్కడ బైక్వాడ్ పెట్టి. సిగ్నల్ అద్భుతం, కానీ ఆ డిష్ మూతి కిందికి వంగి నేలని చూస్తున్నట్టుంటేనే అది ఎదురింటి వైపు చూస్తుంది, గురి కుదరడానికి సగం రోజు పడుతుంది, గట్టి గాలికి గురి తప్పుతుంది. కిలోమీటరు దూరం ఉంటే మంచిదే, మాకు అనవసరం.

ఇంకో మాట, ఇది వైఫై వరకే. 2.4 గిగాహెర్ట్జ్ మన దేశంలో లైసెన్సు అక్కర్లేని బ్యాండ్, దానికీ యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్ల పరిమితి ఉంది, డిష్‌ని మినహాయిస్తే ఈ యాంటెన్నాలతో మామూలు రౌటర్ ఆ గీత దాటదు. అనుమతి లేకుండా మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెట్టడం మాత్రం చట్టవిరుద్ధం, ఆ జోలికి పోవద్దు. ఉరుములొచ్చేలా ఉంటే ముందే ల్యాన్ వైరు పీకేయండి, యాంటెన్నా నిలబెట్టిన పైపుకి ఎర్తింగ్ ఇవ్వండి, పోయిన మే నెలలో పిడుగుకి మా రౌటర్ ఒకటి కాలిపోయింది. చేతిలో డబ్బులుంటే బయట అమ్మే రెడీమేడ్ యాంటెన్నాల జత కొనుక్కున్నా తప్పు లేదు, నాకు అప్పుడు లేవు.

ఈ ఏడాది కొత్త సమస్య వచ్చింది. మైనస్ 67 ఉండేది ఇప్పుడు మైనస్ 72, వాన పడ్డాక మట్టలు తడిసి ఉంటే 75. కనెక్టర్లన్నీ విప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. నాన్న మేడ మీదికొచ్చి కాసేపు రోడ్డు వైపు చూసి, "తిత్లీకి ముందు ఇక్కణ్నుంచి మీ పెదనాన్న ఇల్లు కనబడేదే కాదురా" అన్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను మా చెట్లన్నీ పడగొట్టేసింది, ఆ ఖాళీలోంచే నా సిగ్నల్ ఇన్నాళ్లూ వచ్చింది. ఆ మరుసటేడు నాన్న నాటిన మొక్కలు ఇప్పుడు మేడ ఎత్తుకి వచ్చాయి, ఈసారి రెండింటికి గెలలు వేశాయి. ఎదురిల్లు కంటికి కనబడితే చాలదు, మూడువందల మీటర్ల దారికి మధ్యలో చుట్టూ మూడు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. మట్టలు కొట్టేద్దామా అని నాన్న అడిగారు, వద్దన్నాను. సోంపేటలో రెండు జీఐ పైపులు చెప్పి వచ్చాను, ఆదివారం రెండు మేడల మీదా స్తంభాలు మూడేసి మీటర్లు పెంచుతున్నాం.