అచ్చు పుస్తకం అందంగా వచ్చింది, ఈ-బుక్ అలా రాలేదు: తిరుపతిలో మా అనుభవం

చిత్తూరు జిల్లా చెరువుల మీద మా నాన్నగారు ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలను పుస్తకంగా తేవడానికి తిరుపతిలోని ఒక డీటీపీ, ముద్రణ సంస్థకు పని అప్పగించాము. పేజీల కూర్పు, ముఖచిత్రం, 300 ప్రతుల ముద్రణ, ఈ-బుక్ అన్నీ వారే చేశారు. అచ్చు పుస్తకం విషయంలో వారి పనితనాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఈ-బుక్ గురించి ఆ మాట అనలేను.

పుస్తకం డెమీ సైజు. మొదటి ప్రూఫులో అక్షరం 13 పాయింట్లు, ఒక వరుస పాదం నుంచి తర్వాతి వరుస పాదానికి ఎడం 16.5 పాయింట్లు. ఇంగ్లీషుకు ఆ ఎడం ధారాళంగా సరిపోతుంది కానీ తెలుగుకు చాలదు. 'రాష్ట్రం' అన్న మాటలో టవత్తుకు రవత్తు కూడా తోడై అక్షరం బాగా కిందికి దిగుతుంది. సరిగ్గా దాని కింద 'నీటి' అన్న మాట పడితే పై వరుస వత్తు కింది వరుస గుడిదీర్ఘానికి తగులుతుంది. మా ప్రూఫు 34వ పేజీలో అలాగే తగిలింది. నేను చూపకముందే కూర్పు చేసిన అమ్మాయి ఎర్ర సిరాతో దాని చుట్టూ సున్న చుట్టి ఉంచింది. ఎడం 18 పాయింట్లకు పెంచేసరికి 176 పేజీలు 192 అయ్యాయి, అంటే ఫారానికి 16 పేజీల లెక్కన 11 ఫారాల పుస్తకం 12 ఫారాలకు పెరిగింది. ఒక ఫారం ఖర్చు మీద పడినా, కళ్లజోడు పెట్టుకుని చదివే పెద్దవాళ్లకు ఆ ఎడం ఎంత హాయో నాన్నగారిని చూస్తే తెలిసింది.

నాన్నగారి భాషను వారు గౌరవించిన తీరు నాకు మరీ నచ్చింది. 'మరవ', 'కయ్య', 'గెనిమ' వంటి మా వైపు మాటలను ప్రూఫ్‌రీడర్ దిద్దేయలేదు, పక్కన పెన్సిలుతో "ఊరి మాటా, అచ్చుతప్పా?" అని రాసి అడిగారు. కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లిథో రకం, కుట్టు బైండింగ్. పుస్తకం పూర్తిగా తెరిచినా పేజీలు ఊడడం లేదు.

ఈ-బుక్ పేరుతో మొదట ఇచ్చింది అచ్చుకు పంపిన పీడీఎఫ్. ఫోనులో అక్షరం పెద్దది చేస్తే పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. అక్షరం పెంచితే వరుసలు తెరకు తగ్గట్టు సర్దుకునే ఈపబ్ ఫైలు కావాలని పట్టుబట్టాక చేసి ఇచ్చిన దానిలో వరుస చివర విరిచిన మాటల గీతలు అలాగే మిగిలి, 'చెరు-వు' అని వాక్యం నడుమ కనిపించింది. 'కట్ట' అని వెతికితే ఒక్క ఫలితమూ రాలేదు. కూర్పంతా యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి) కాని పాత ఫాంటులో జరగడమే మాట దొరకకపోవడానికి మూలం. ఆ ఫాంటులో కంటికి కనిపించేది తెలుగు అక్షరమే అయినా, ఫైలులో దాగి ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతం. యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ ఇచ్చారు కానీ, ఆ మార్పిడిలో కొన్నిచోట్ల వత్తులు పక్క అక్షరానికి అంటుకున్నాయి. వాటిని ఇంట్లో కూర్చుని మేమే దిద్దుకున్నాము.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) విషయంలో మాత్రం సరైన సలహా ఇచ్చారు: రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుందనీ, అచ్చు ప్రతికీ ఈ-బుక్‌కీ విడివిడిగా తీసుకోవాలనీ ముందే చెప్పారు.

అచ్చు పుస్తకం వరకైతే ఈ సంస్థకు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. ఈ-బుక్ కూడా కావాలనుకునేవారు మొదటి రోజే యూనికోడ్‌లో కూర్పు చేయమని ఒప్పందంలో రాయించుకోవాలి. చివరి విడత డబ్బు కట్టే ముందు ఫోనులో ఈపబ్ తెరిచి, తమ పుస్తకంలోని మాటలు నాలుగైదు వెతికి చూసుకోవాలి.