యూరప్ రైలు టికెట్లు: ఏది ముందే కొనాలి, ఏది స్టేషన్లో కొన్నా చాలు

మే సెలవుల్లో మా ఆయన, నేను, పదేళ్ళ పాప, మా అమ్మ కలిసి పారిస్ నుంచి స్విట్జర్లాండ్ మీదుగా రోమ్ దాకా పూర్తిగా రైళ్ళలోనే వెళ్ళొచ్చాం. ఈ ట్రిప్పులో నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది రైలు టికెట్లే.

మన రైళ్ళ అలవాటుతో లెక్క వేస్తే అక్కడ దెబ్బ తింటాం. మనకి 60 రోజుల ముందు రిజర్వేషన్ మొదలవుతుంది, మొదటి రోజు కొన్నా నెల తర్వాత కొన్నా స్లీపర్ ఛార్జీ ఒకటే, బెర్త్ దొరుకుతుందా లేదా అన్నదే దిగులు. అక్కడ మన వెయిటింగ్ లిస్టు లాంటిది లేదు, సీటు చాలాసార్లు దొరుకుతుంది కానీ రేటు విమానం టికెట్లా ఎక్కుతూ పోతుంది. అదీ అన్ని రైళ్ళకీ కాదు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, ఇటాలో, లండన్ వెళ్ళే యూరోస్టార్, ఎక్కువగా ఇలాంటి స్పీడు రైళ్ళకే ఆ గొడవ. ఇటలీలో ఊరూరా ఆగే రెజియొనాలె రైళ్ళకి ఎప్పుడు కొన్నా అదే ధర. ఫ్లోరెన్స్ నుంచి పీసా టికెట్లు మేం ఆ పొద్దున స్టేషన్లో మెషిన్ దగ్గరే తీసుకున్నాం. ఒక్క జాగ్రత్త, కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మెషిన్లో పెట్టి తేదీ ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా.

టీజీవీ టికెట్లు సాధారణంగా మూడు నాలుగు నెలల ముందు విడతలుగా వదులుతారు, చౌక రేట్లు ఆ మొదట్లోనే ఉంటాయి. అయితే మనకి మధ్యలో వీసా ఉంది. ఈ దేశాలన్నిటికీ కలిపి పనికొచ్చే షెంగెన్ వీసాకి 6 నెలల ముందునుంచీ అప్లై చేయొచ్చు, మేం ఆలస్యం చేశాం. వీసా పడి పాస్‌పోర్టులు తిరిగి రాకముందే తక్కువలో వస్తున్నాయని మిలాన్ నుంచి వెనిస్‌కి అన్నిటికన్నా చౌక రకం టికెట్లు నాలుగు కొనేశాను. తర్వాత ట్రిప్పు వారం వాయిదా పడింది, ఆ రకానికి రీఫండూ లేదు, తేదీ మార్పూ లేదు. డబ్బులు పోయాయన్న బాధ చాలా రోజులు ఉంది. అందుకే గట్టిగా చెప్తున్నా, వీసా చేతికి రాకముందు కొనాల్సి వస్తే కాస్త ఎక్కువైనా తేదీ మార్చుకోగలిగే టికెట్టే తీసుకోండి, షరతులు చివరిదాకా చదవండి.

కొనడం ఆ రైల్వేల సొంత సైట్లలోనే మంచిది. ఊర్ల పేర్లు అక్కడివాళ్ళు పిలిచినట్టు కొట్టండి, ఫ్లోరెన్స్ అంటే ఫిరెంజె, వెనిస్ అంటే వెనెజియా. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ముందే ఆన్ చేసుకోవాలి, ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి దూరపు టికెట్లన్నీ ఇంటి దగ్గరే ముగించుకుంటే హాయి.

పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్లో జ్యూరిక్ రైలు ఎక్కాం, నాలుగు గంటల ప్రయాణం. ప్లాట్‌ఫాం నంబరు చివరి ఇరవై నిమిషాల్లోగానీ బోర్డు మీదకి రాలేదు, అందరూ మెడలెత్తి అటే చూస్తూ నిలబడ్డారు, నంబరు పడగానే పెట్టెలు లాక్కుంటూ ఒకటే పరుగు. బయలుదేరడానికి రెండు నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే చేరుకోండి.

స్విట్జర్లాండ్ లెక్కే వేరు. మామూలు రైళ్ళకి సీటు బుకింగ్ అక్కర్లేదు, వచ్చింది ఎక్కేయడమే, కానీ విడి టికెట్లు చాలా ఖరీదు. రోజుకో ఊరు తిరిగేవాళ్ళకి, కొన్న రోజులన్నీ రైళ్ళు ఎన్నిసార్లైనా ఎక్కనిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ బాగుంటుంది. మాలా కొండల దగ్గరి ఇంటర్‌లాకెన్ ఊళ్ళోనే ఉండి కొండ రైళ్ళు ఎక్కేవాళ్ళకి, టికెట్లు సగం ధరకి ఇచ్చే హాఫ్ ఫేర్ కార్డు నయం అనిపించింది. అమ్మానాన్నలతో వెళ్ళే పిల్లలకిచ్చే ఫ్యామిలీ కార్డుతో మా పాపకి ఉచితం. బస స్టేషన్ దగ్గర వంటగది ఉన్న అపార్ట్‌మెంట్, స్టేషన్ ఎదురుగానే సూపర్ మార్కెట్, పెరుగు కొని అన్నం వండుకుంటే అమ్మ ప్రాణం కుదుటపడింది. అక్కడ ఎక్కే లోయ రైలు ఒకటి త్స్వైల్యూట్షినెన్ అనే చిన్న స్టేషన్లో రెండుగా విడిపోతుంది, సగం లౌటర్‌బ్రునెన్ అనే ఊరికి, సగం గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరికి. రైలు పెట్టె మీద బోర్డు చూసే ఎక్కండి.

వెనిస్‌కి నీళ్ళ అవతల ఒడ్డున ఉన్న మెస్ట్రే స్టేషన్ పక్కన బస చేశాం. వెనిస్ ఊళ్ళోని సాంటా లూచియా స్టేషన్ దగ్గరుంటే బయటికి రాగానే పెద్ద కాలువ, ఆ అందం మెస్ట్రేలో లేదు. కానీ వెనిస్‌లో అడుగడుక్కీ మెట్ల వంతెనలే, మోకాళ్ళ నొప్పులున్న మనిషితో, పెట్టెలతో అవి దాటడం కష్టం. మెస్ట్రే నుంచి రైల్లో పది నిమిషాలే, మళ్ళీ వెళ్ళినా అక్కడే ఉంటాం.

క్రిస్మస్ సెలవులకి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. యూరప్ అంతా డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి దాటాక కొత్త టైమ్‌టేబుల్ మొదలవుతుంది, అది ఖరారయ్యేదాకా చాలా చోట్ల ఆ తర్వాతి తేదీల రైళ్ళు సైట్లో కనపడవు. కంగారుపడి వేరే ఏజెంట్ల దగ్గర కొనకండి, బుకింగ్ తెరుచుకున్న రోజునే దూరపు రైళ్ళు బుక్ చేసుకోండి.