నూరు మాత్రల థైరాక్సిన్ సీసా: గోదావరి జిల్లాల వాడకందార్ల కోసం

రావులపాలెంలో అడిగినా పాలకొల్లులో అడిగినా, థైరాయిడ్ బిళ్ళలంటే మందుల షాపువాళ్ళు చేతిలో పెట్టేది ఓ చిన్న ప్లాస్టిక్ సీసా. లోపల 100 లేదా 120 మాత్రలుంటాయి. పైన థైరోనార్మ్ అని ఉన్నా, ఎల్ట్రాక్సిన్ అని ఉన్నా, థైరాక్స్ అని ఉన్నా లోపలి మందు ఒకటే: లెవోథైరాక్సిన్. ఖర్చు రోజుకు రెండు రూపాయల చుట్టూ ఉంటుంది. మెడలోని గ్రంథి తయారుచేసే టీ4 హార్మోన్‌కీ దీనికీ తేడా లేదు. ఒంట్లో తగ్గినదాన్ని తగ్గినంతా తిరిగి పోసే మందులు బహు కొద్ది, వాటిలో ఇదొకటి. అందుకే మందుకు ఐదుకి ఐదు మార్కులు. సీసాకి మూడు ఇస్తే ఎక్కువే.

దీంతో అసలు చిక్కు, ఆపేసిన రోజున ఏమీ కాకపోవడం. షుగరు మందు మానేస్తే మీటరు రెండు రోజుల్లో చెప్పేస్తుంది. థైరాక్సిన్ ఒంట్లో సగానికి దిగడానికే వారం పడుతుంది. పూర్తిగా ఖాళీ అయ్యేసరికి ఐదారు వారాలు. ఈలోగా "మానేసి నెలైంది, బాగానే ఉన్నాను, ఇక అక్కర్లేదు" అనుకుంటారు. పెద్దల్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గిపోయే ఈ జబ్బు (హైపోథైరాయిడిజం) చాలావరకు, ఒంటి రక్షణ కణాలే గ్రంథిని తినేయడం వల్ల వస్తుంది. అలా పోయిన గ్రంథి మళ్ళీ మొలవదు. ప్రసవం తర్వాత వచ్చే ఒక రకం మాత్రం తగ్గిపోవచ్చు. అప్పుడైనా పరీక్షలు చూసి డాక్టరు ఆపాలి, మనం కాదు. "వేళ్ళతో సహా తీసేస్తాం" అని అమ్మే పొడులు హార్మోన్‌ని పూడ్చవు. అవి వాడుతూ ఈ సీసా పక్కన పెట్టడం కంటే పెద్ద పొరపాటు లేదు.

మానేసిన మనిషిలో మార్పు ఎంత మెల్లగా వస్తుందంటే, ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తూనే పోల్చుకోలేరు. మొహం ఉబ్బుతుంది, "కాస్త ఒళ్ళు చేశారు" అంటారు. నిజానికి అది చర్మం కింద నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం. వేలితో నొక్కితే గుంట పడదు. గొంతు బొంగురుపోతుంది, నాలుక మందమవుతుంది, గురక పెరుగుతుంది, కనుబొమల చివర వెంట్రుకలు రాలతాయి. మలబద్ధకం వస్తుంది. మాట నెమ్మదిస్తుంది. మే నెల ఉక్కలో అందరూ విసురుకుంటుంటే మందు మానేసిన మనిషి దుప్పటి అడుగుతారు. "వయసు పైబడిందిలే" అని సరిపెట్టుకునే సంగతుల్లో సగం ఇక్కడే ఉన్నాయి. లోపల కొలెస్టరాల్ పెరుగుతుంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరవచ్చు. చిన్న వయసువాళ్ళలో నెలసరి రక్తస్రావం ఎక్కువై రక్తం తగ్గిపోతుంది, గర్భం నిలవకపోవచ్చు.

ఇదంతా ముదిరి చివరికి వచ్చేదాన్ని మిక్సెడీమా కోమా అంటారు. పేరులో కోమా ఉన్నా మొదట కనిపించేది మగత, తికమక మాటలు, పిలిస్తే ఆలస్యంగా పలకడం. దానికి తోసేది సాధారణంగా వేరే దెబ్బ: న్యుమోనియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఆపరేషన్, పుష్యమాసపు చలి, నిద్రమాత్ర, కోడీన్ ఉన్న దగ్గు సిరప్. హార్మోన్ లేని ఒళ్ళు వేడి పుట్టించలేదు. కిడ్నీలు నీళ్ళను బయటికి పంపలేవు కాబట్టి రక్తంలో సోడియం పడిపోతుంది. బొగ్గుపులుసు వాయువు పేరుకున్నా, ఊపిరి గట్టిగా తీయమని మెదడు ఆదేశించదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి. పాత పాదరసం థర్మామీటర్లో గీతలు 94, 95 దగ్గర మొదలవుతాయి కాబట్టి 92 ఉన్నా అందులో కనపడదు. డిజిటల్‌దైతే ఆ అంకె చూపిస్తుంది, మరీ కిందికి దిగితే "లో" అంటుంది. "జ్వరం లేదు కదా" అని ఆగితే ప్రమాదమే. ఐసీయూలో వైద్యం అందినా నూటికి 20 నుంచి 50 మంది దాకా దక్కని జబ్బు ఇది.

అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి, దుప్పట్లు కప్పి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వేడినీళ్ళ సంచులు పెట్టకూడదు, కాళ్ళకు నిప్పుసెగ చూపించకూడదు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారి విచ్చుకుని బీపీ పడిపోతుంది. మగతలో ఉన్న మనిషి నోట్లో నీళ్ళు, కాఫీ పోయకూడదు. ఇంట్లో మిగిలిన మాత్రలు గుప్పెడు మింగించకూడదు. సీసా మాత్రం వెంట తీసుకెళ్ళి, ఎంత డోసు, ఎన్నాళ్ళ క్రితం ఆపారో చెప్పాలి. ఆసుపత్రిలో ముందు హైడ్రోకార్టిజోన్ ఇచ్చి, తర్వాత థైరాక్సిన్ ఇంజెక్షన్ 200 నుంచి 400 మైక్రోగ్రాములు ఇస్తారు. ఇంజెక్షన్ దొరక్కపోతే ఇవే మాత్రలు నూరి ముక్కు గొట్టంలోంచి పంపుతారు.

ఇక రోజువారీ వాడకం. పొద్దున్న లేవగానే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టీ, పెసరట్టు ఏదైనా అరగంట నుంచి గంట తర్వాతే. కాఫీతో కలిపి మింగితే మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా చేరదు. పొద్దున్న కుదరనివాళ్ళు రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం బిళ్ళలకీ గ్యాస్ సిరప్‌లకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఏఎన్‌ఎం ఇచ్చిన ఐరన్ బిళ్ళనీ దీన్నీ ఒకే గుక్కలో మింగే గర్భిణులు చాలామంది. డోసు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తపరీక్షలో పెరిగి కనిపించే అంకె) దిగట్లేదంటే ముందు చూడాల్సింది ఇదే. గర్భం నిర్ధారణ కాగానే డోసు 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది, అంటే వారానికి సుమారు రెండు మాత్రలు ఎక్కువ. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, ఏమీ కాదు.

పూర్తి డోసు బరువును బట్టి కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి వంద దగ్గర. పెద్దవాళ్ళకి, గుండె జబ్బున్నవాళ్ళకి 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఇక్కడే సీసాకి మార్కులు తగ్గాయి. 12.5కీ 125కీ తేడా ఒక చుక్క, మందులో పదిరెట్లు. చిన్న అక్షరాలు ఆనని పెద్దాయనకి షాపులో పొరపాటున 125 ఇస్తే గుండె దడ, ఛాతీ నొప్పి దాకా పోవచ్చు. చీటీలో ఉన్న అంకె, సీసా మీది అంకె బిల్లు కట్టకముందే పోల్చుకోవాలి. కంపెనీ మార్చి ఇచ్చినా ఫర్వాలేదు గానీ, మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. డోసు మారినా అంతే. వారంలో చేయించిన పరీక్ష డబ్బు దండగ.

సీసాకి ఇంకో లోపం మన గాలి వల్ల. కాలవ గట్ల ఇళ్ళలో వానాకాలం ఉప్పు డబ్బా కూడా చెమ్మగిల్లుతుంది. నూరు మాత్రలకు ఒకటే మూత, రోజూ తీయాలి. లోపలి చెమ్మ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయకండి. పొయ్యి పైనున్న అరలో గానీ, బాత్రూమ్ కిటికీలో గానీ పెట్టవద్దు. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ బయటికి తీస్తే చెమ్మ లోపలే పడుతుంది. బీరువాలో చీకటిగా ఉండే అర మంచిది. మాత్ర రంగు మారినా, మూలలు పొడి రాలుతున్నా మార్చేయాలి. అదే స్ట్రిప్‌లో దొరికితే ఈ ప్రాంతానికి సుఖం.

పరీక్షకు వెళ్ళేరోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్ళలు వాడేవాళ్ళు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. చాలా ల్యాబ్ మిషన్లలో బయోటిన్ టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే మనిషి నిజంగానే లోపంలోకి జారతారు. జుట్టు రాలడానికి కారణం థైరాయిడే అయినప్పుడు ఇది మరీ ఘోరం.

లంక గ్రామాలవాళ్ళకి ఒక మాట. జులై, ఆగస్టుల్లో గోదారి పోటెత్తితే సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు ఆగిపోతుంది, కాజ్‌వేలు మునుగుతాయి. సీసాలో ముప్పై మాత్రలు మిగిలినప్పుడే రెండోది కొని ఇంట్లో ఉంచండి. పునరావాస కేంద్రానికి బయల్దేరాల్సి వస్తే ఆధార్ కార్డున్న కవర్లోనే ఈ సీసా, డాక్టరు చీటీ వేసుకోండి. రెండు మూడు రోజులు మాత్ర పడకపోతే కంగారు అక్కర్లేదు, ఒంట్లో నిల్వ ఉంటుంది. రెండు వారాలు దాటుతోందంటే శిబిరంలో ఉన్న మెడికల్ టీమ్‌ని అడిగి తెప్పించుకోండి.