హెచ్‌పీవీ పరీక్షా కేంద్రం: కల్లు గురించి అడిగిన తీరు నచ్చింది, రిపోర్టు పంపిన తీరు నచ్చలేదు

నల్గొండ జిల్లాలో ఉండే మా చిన్నమ్మను హైదరాబాదులోని ఒక ప్రైవేటు స్త్రీల ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టే హెచ్‌పీవీ (ఆ క్యాన్సర్‌కు దారితీసే హ్యూమన్ పాపిలోమా వైరస్) డీఎన్‌ఏ పరీక్ష చేయించాను. ఆమెకు 46 ఏళ్లు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నా, రక్తస్రావమో నొప్పో మొదలైతే తప్ప మా వాళ్లెవరూ ఆసుపత్రి గడప తొక్కరు కాబట్టి, అక్కడి సేవ గురించి వివరంగా రాస్తున్నాను.

నమూనా తీసే ముందు నర్సు ఒక ఫారం నింపింది. బీడీ, పొగాకు అలవాట్ల గురించి అడిగాక "మందు తాగుతారా అమ్మా?" అంటే చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. నర్సు అక్కడితో వదలకుండా "మరి కల్లు?" అని అడిగింది. "కల్లు తాగుత బిడ్డా, గది మందెట్లయితది?" అని చిన్నమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. పండుగలకే కాదు, నాట్ల రోజుల్లో దాదాపు ప్రతి సాయంత్రమూ తాగుతుందని అప్పుడు తేలింది. పొద్దున దించిన తియ్యటి కల్లు పొద్దెక్కేకొద్దీ పులిసి, అందులో ఆల్కహాలు పెరుగుతుందని నర్సు నచ్చజెప్పి, ఫారం అంచున ఆ వివరం చేత్తో రాసుకుంది. ఆ ఒక్క ప్రశ్నకే ఈ కేంద్రానికి నేను మంచి మార్కులు వేస్తాను.

ఎందుకంటే హెచ్‌పీవీ సోకడం వేరు, ఒంట్లో తిష్ఠ వేయడం వేరు. సోకిన స్త్రీలలో అత్యధికుల శరీరం ఒకటి రెండేళ్లలో దాన్ని తానే వదిలించుకుంటుంది; అలా వదలకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన హై రిస్క్ రకాలే, ముఖ్యంగా 16, 18 రకాలు, కణాలను మెల్లగా మార్చి క్యాన్సర్‌కు దారితీస్తాయి. ఆ వైరస్ కొందరిలో ఎందుకు వదలదన్నదే అసలు ప్రశ్న. మద్యం తాగే స్త్రీలలో, అందులోనూ వైరస్ పరిమాణం ఎక్కువగా ఉన్నవారిలో, ఇన్‌ఫెక్షన్ నిలిచిపోయే అవకాశం హెచ్చుగా కనిపించిందని దక్షిణ కొరియా పరిశోధకులు 2014లో ప్రచురించారు. దీని గురించి నేను అడిగినప్పుడు డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పారు: నోరు, కాలేయం, రొమ్ము క్యాన్సర్లకు మద్యం కారణమని రుజువైనట్టుగా ఈ క్యాన్సర్ విషయంలో రుజువు కాలేదు, కానీ అతిగా తాగితే రోగనిరోధక శక్తి దెబ్బతింటుందన్నది తెలిసిన సంగతే కనుక తగ్గించడం మేలు. భయపెట్టకుండా, తేలిక చేయకుండా చెప్పిన ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

నమూనా తీయడం రెండు నిమిషాల పని. తెర వేసి, చిన్న మెత్తటి బ్రష్‌తో తీసి, ద్రవమున్న సీసాలో వేశారు. పరీక్షకు 2,800 రూపాయలు తీసుకున్నారు.

నా ఫిర్యాదంతా ఆ తరువాత జరిగినదాని గురించే. నాలుగో రోజు రాత్రి 9 గంటలకు ఎవరూ ఫోన్ చేయకుండా, ఒక్క మాటైనా వివరించకుండా, రిపోర్టును నా వాట్సాప్‌కు ఇంగ్లీషులో పంపేశారు. 16, 18 కాని హై రిస్క్ రకాలు పాజిటివ్ అని అందులో ఉంది. క్యాన్సర్ వచ్చేసిందనుకుని చిన్నమ్మ ఆ రాత్రంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మర్నాడు వెళ్తే డాక్టరమ్మ ఇరవై నిమిషాలు ఓపికగా మాట్లాడి, ఇది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు చాలామందికి సోకేదేనని, అదే నమూనాలోని కణాలను మైక్రోస్కోపు కింద చూసే పాప్ పరీక్షలో అవి మామూలుగానే ఉన్నాయని, వైరస్ కొత్తదో పాతదో ఒక్క పరీక్షతో చెప్పలేము కాబట్టి 12 నెలల తరువాత మళ్లీ చేయాలని చెప్పారు. ఈ మాటలు రిపోర్టుకు ముందే ఫోన్‌లో చెప్పి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

ఇంకో లోపం ఇంటికొచ్చాక కనిపించింది. కంప్యూటర్ ఇచ్చిన కాగితంలో మద్యం గడికి ఎదురుగా "లేదు" అని అచ్చయింది. నర్సు అంత శ్రద్ధగా రాబట్టిన వివరం ఫారం అంచునే ఉండిపోయింది. వచ్చే ఏడాది వైరస్ పోలేదని తేలితే, ఆ కాగితం చూసే డాక్టరుకు కల్లు సంగతి తెలిసే దారే లేదు. ఫోన్ చేసి అడిగితే, ఆ గడిలో అవును, కాదు తప్ప వేరే ఏదీ రాయడానికి వీలుండదన్నారు. కల్లుకు వేరే గడి పెట్టమని వాళ్లకు రాసిచ్చాను. చిన్నమ్మ రెండో పరీక్షకు మాత్రం మళ్లీ అక్కడికే, ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్తాను.