పనామా గేషా రెండేళ్ళు తాగాక: గింజ తప్పేం లేదు, మీ నీళ్ళు చూసుకోండి

గేషా అనే ఈ కాఫీ గింజకి డబ్బు పోసేది ఒక్క వాసన కోసమే. చిక్కదనం కావాలన్నా, గొంతు పట్టే చేదు కావాలన్నా ఎంతో తక్కువ ధరకి మన దగ్గరే దొరుకుతాయి. గేషాని మరలో వేసి నాలుగు తిప్పులు తిప్పగానే వచ్చేది సన్నజాజి. బొండుమల్లె కాదు, సాయంత్రం పందిరి మీద అప్పుడే విచ్చుతున్న సన్నజాజి. వేణ్ణీళ్ళు తగిలాక దాని వెనకాలే దబ్బకాయ తొక్కని గోటితో గీరినప్పటి వాసన. పాకెట్ల మీద ‘బెర్గమాట్’ అని రాసేది దీన్నే. ఎర్ల్ గ్రే టీ అలవాటున్నవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. కప్పు గోరువెచ్చనయ్యేసరికి పీచ్ పండు తీపి. రోస్ట్ చేసి నెల దాటినా ఇదంతా నిలుస్తుంది. చాలా కాఫీలకి ఆ ఓపిక లేదు.

ఎక్కువగా వాడింది పనామాలోని బోకెటే ప్రాంతపు వాష్డ్ రకం (గుజ్జు కడిగేసి ఆరబెట్టింది), లేత రోస్టు, 100 గ్రాముల పాకెట్లు. పండుతో పాటే ఎండబెట్టిన నేచురల్ రకం కూడా రెండుసార్లు చూశాను. పండు రుచి దండిగా ఉంటుంది కానీ సన్నజాజి దాని కింద పడి నలిగిపోతుంది. గాలి తగలకుండా పులియబెట్టిన రకమైతే సరేసరి, కల్లు ముంత గుర్తొస్తుంది. అది ఇష్టమైనవాళ్ళు ఉంటారు, నేను కాదు.

విచిత్రం ఏమిటంటే ఈ చెట్టుని రుచి కోసం ఎవరూ నాటలేదు. 1930లలో ఇథియోపియా నైరుతి అడవుల్లో గేషా అనే చోటు నుంచి విత్తనం తీశారు. అది కెన్యా మీదుగా టాంజానియాలోని లియాముంగు పరిశోధన కేంద్రానికి, అక్కణ్ణుంచి 1953లో కోస్టారికాలోని ఇప్పటి కాటియే వ్యవసాయ పరిశోధన సంస్థకి చేరింది. అక్కడి పుస్తకాల్లో దాని నంబరు టి 2722. 1960లలో పనామా రైతులకి ఇచ్చింది ఆకు తుప్పు తెగులుని తట్టుకుంటుందని. కొమ్మలు పుటుక్కున విరుగుతాయి, కాపు తక్కువ. రైతులు మొహం చాటేశారు. 2004లో ఎస్మెరాల్డా ఎస్టేటు వాళ్ళు తోటని ముక్కలుగా విడదీసి ఏ చోటి గింజ ఎలా ఉందో రుచి చూసుకుంటూ పోతే, ఎత్తున ఉన్న ఒక ముక్కలో ఈ వాసన బయటపడింది. ఆ ఏడాది ‘బెస్ట్ ఆఫ్ పనామా’ పోటీలో గెలిచి, పచ్చి గింజ పౌండు (దాదాపు అరకిలో) 21 డాలర్లకి అమ్ముడుపోయింది. 2019 వేలంలో ఎలీడా ఎస్టేటు గేషా పౌండు 1,029 డాలర్లు పలికింది. పేరుని జపాను గెయిషాలతో కలిపేసి ఇంగ్లీషులో రెండు స్పెల్లింగుల తగువు ఇప్పటికీ నడుస్తోంది. తెలుగులో రాసుకునేవాళ్ళకి ఆ బాధ లేదు.

ఈ చరిత్రలోంచి కొనేవాళ్ళకి పనికొచ్చేవి రెండు ముక్కలు. గేషా పేరుతో తిరిగే చెట్లన్నీ జన్యుపరంగా ఒకటి కావు. ఒకటే అయినా పల్లంలో పండితే ఆ వాసన పలచబడిపోతుంది. పాకెట్టు మీద ఊరు, ఎత్తు, శుద్ధి పద్ధతి, రోస్ట్ తేదీ నాలుగూ ఉండాలి. ఎత్తు 1,600 మీటర్లకి తక్కువుంటే నేను ఆ ధర పెట్టను.

ఇక అసలు గొడవ. కిందటేడు ఒక పాకెట్టు సగంలో ఉండగా కప్పులో వాసన పోయింది. పొడిలో ఉంది, కప్పులో లేదు. మర తిప్పుతుంటే ఎప్పటిలాగే గుప్పుమంటోంది, తాగితే మాత్రం తడిసిన అట్టపెట్టె. గింజ పాతబడినా, పాకెట్టులోకి గాలి పోయినా తేడా పొడిలోనే తెలుస్తుంది. పొడి బాగుండి కప్పు చచ్చిపోయిందంటే తప్పు ఆ తర్వాతి మెట్లలో ఉన్నట్టు. ఈ చిన్న సంగతి తట్టక నీళ్ళ వేడి 93 నుంచి 96 డిగ్రీలకి పెంచాను, చేదు పెరిగింది. పొడి సన్నం చేస్తే నాలుక పిడచకట్టింది. కొత్త పాకెట్టు విప్పినా అదే కథ. గింజల కొట్టువాళ్ళని అనుమానించాను కూడా, అన్యాయంగా.

గుట్టు కెటిల్ అడుగున ఉంది. తెల్లటి సున్నం పొర. ఆర్వో నీళ్ళు కాచే కెటిల్‌కి అది పట్టకూడదు. మీటరు పెడితే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, 250. మామూలుగా 40 ఉండేది. క్యాండిళ్ళు మార్చడానికి వచ్చిన మనిషి, నీళ్ళు చప్పగా ఉంటాయని కాబోలు, మిషన్ వెనకనున్న టీడీఎస్ స్క్రూ తిప్పి వెళ్ళాడు. ఆ స్క్రూ చేసే పనల్లా శుద్ధిచేసిన నీళ్ళలో పచ్చి బోరు నీళ్ళు కలపడమే. మా బోరు టీడీఎస్ 800, అంటే నాలుగో వంతు పైగా బోరు నీళ్ళే కాఫీలోకి పోతున్నాయి.

టీడీఎస్ అంకె ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. కాఫీ పులుపుని మింగేది నీళ్ళలోని బైకార్బొనేటు. దాన్ని కొలవడానికి అక్వేరియం కొట్లలో కేహెచ్ టెస్ట్ కిట్ దొరుకుతుంది. 5 మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక్కో చుక్కా వేస్తూ, రంగు మారేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. చుక్కకి ఒక డిగ్రీ, డిగ్రీకి సుమారు 18 పీపీఎం (పది లక్షల వంతుల్లో 18). బోరు నీళ్ళకి 18 చుక్కలు పట్టాయి, స్క్రూ తిప్పిన ఆర్వోకి 6, స్క్రూ పూర్తిగా మూశాక 1. ఆరు డిగ్రీలంటే వంద పీపీఎం దాటినట్టే, లేత రోస్టు కాఫీ చదునైపోవడానికి అది చాలు. ఆవిరిలో వాసన కాస్త మిగిలినా, నాలుక మీద పులుపు లేకపోతే ముక్కుకి అది పండుగా తోచదు.

ఇదే నీళ్ళతో ఇంట్లో ఫిల్టర్ కాఫీ బ్రహ్మాండంగా వస్తూనే ఉంది. నల్లగా వేగిన గింజకి, చికోరీకి ఈ తేడా పట్టదు. అందుకే అనుమానం నీళ్ళ మీదికి పోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

స్క్రూ మూసేస్తే పని అయిపోలేదు. ఉత్త ఆర్వో నీళ్ళతో పులుపు పళ్ళు జివ్వుమనిపించింది. అడ్డుకునేదేమీ లేక చింతపండు నీళ్ళలా పదునుగా ఉంది. చివరికి కుదిరిన పాళ్ళు: 9 వంతుల ఆర్వో, 1 వంతు కాచి వడకట్టిన బోరు. కేహెచ్ మూడుకి కాస్త తక్కువ, అంటే 50 పీపీఎం లోపు. కాచినప్పుడు అడుగున కొంత సున్నం దిగుతుంది కనక, కలిపాక మళ్ళీ చుక్కలు వేసి చూసుకోండి. మీ బోరు వేరు, మీ పాళ్ళు వేరు. బోరు లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 2.45 గ్రాముల ఎప్సమ్ సాల్ట్, వేరే లీటరులో 1.68 గ్రాముల వంటసోడా కరిగించి రెండు సీసాలు పెట్టుకోవాలి. మొదటి దాంట్లోంచి 80 గ్రాములు, రెండో దాంట్లోంచి 40 గ్రాములు తీసుకుని, 880 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే ఒక లీటరు కాఫీ నీళ్ళు. ఎప్సమ్ సాల్ట్ తినదగ్గ రకమే ఉండాలి, బ్యాటరీలో పోసే నీళ్ళు వద్దు.

కాచే పద్ధతిలో దాపరికం ఏమీ లేదు. 15 గ్రాముల గింజ, బొంబాయి రవ్వంత పొడి, కాగితం వేసిన వి60 (గరాటులాంటి డ్రిప్పరు), 93 డిగ్రీల నీళ్ళు 240 గ్రాములు. మొదట 45 పోసి 40 సెకన్లు ఆగితే పొడి పొంగి కుదుటపడుతుంది. తర్వాత 120, 180, 240 దాకా మూడు విడతలు. మూడు నిమిషాలకి అటూ ఇటూగా దిగిపోవాలి. ఈ గింజ నుంచి నలుసు ఎక్కువ రాలుతుంది, కాగితం మూసుకుపోతుంది. మూడున్నర దాటితే మరని రెండు గీతలు వదులు చేయండి, నీళ్ళు ఎత్తు నుంచి పోయకండి. మిక్సీలో తిప్పితే సగం పిండి, సగం నూక. దానికి గేషా దండగ.

పొగలు కక్కుతుండగా తాగేవాళ్ళకి ఇందులో ఏమీ కనిపించదు. ఐదారు నిమిషాలు వదిలెయ్యాలి. ఇత్తడి గ్లాసులో కాదు, మూతి ముడుచుకున్న గాజు గ్లాసులో.

వాసన నెల దాటినా నిలుస్తుందని పైన అన్నది సీలు విప్పని పాకెట్టు గురించి. రోస్టయ్యాక రెండు మూడు వారాలు దాన్ని ఎలాగూ విప్పకూడదు, లోపలి గ్యాసు పోకపోతే నీళ్ళు సరిగా పట్టవు. విప్పాక మా ఇంట్లో పన్నెండు రోజులు, వానాకాలంలో అదీ లేదు. ఇప్పుడు విప్పిన రోజే 15 గ్రాముల చొప్పున చిన్న జిప్ కవర్లలో గాలి పిండేసి ఫ్రీజర్‌లో పెట్టడం, తీసింది తీసినట్టే మరలో వెయ్యడం. పెద్ద డబ్బా ఫ్రీజర్‌లో పెట్టి రోజూ మూత తీస్తే చల్లటి గింజ మీద తడి చేరి, పెట్టకపోవడమే నయం అనిపిస్తుంది.

కొనమంటారా అంటే, పాలు పోసుకునేవాళ్ళకి వద్దంటాను. పోసి చూశాను, పలచటి టీలో పాలు విరిగినట్టుంది. వాళ్ళకి అరకు అరబికా మంచి డికాక్షను ఇస్తుంది, జేబుకీ హాయి. నల్ల కాఫీ తాగుతూ, మంచి చేతి మర ఇంట్లో ఉండి, నీళ్ళ సంగతి తేల్చుకున్నవాళ్ళైతే ఏడాదికి ఒకటో రెండో పాకెట్లు. నేనూ అంతకి మించి కొనలేను. ఈ ధరకి అది రోజువారీ కాఫీ కాదు. ఒకరే తాగే ఇల్లు కనక మాకు గిట్టింది, నలుగురికి కలపాలంటే లెక్క మారిపోతుంది.

100 గ్రాముల పాకెట్టుకి ఆరు కప్పులు, పది గ్రాములు మిగులు. ఆ పదికి 160 నీళ్ళు పోసి, పొడి ఒక గీత సన్నం చేస్తే సరిపోతుంది.