ఇరవై పడినా నిలబడని ఫైటర్

డైస్ వేస్తూ పాత్రల్ని నడిపే టేబుల్ గేమ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని ఐదో ఎడిషన్, అంటే 2014 పుస్తకాలతో, విజయవాడలో మా బ్యాచ్ ఏళ్ల తరబడి ఆడుతోంది. గుంటూరు నుంచి ఇద్దరు ఆదివారం పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తారు. ఆట మీద ఇష్టం ఏమాత్రం తగ్గలేదు. సేవింగ్ త్రో (మంత్రాల్లాంటి వాటి దెబ్బ తప్పించుకోవడానికి ఇరవై ముఖాల డైస్ వేయడం, పొట్టిగా సేవ్) మీద కోపం మాత్రం లెవెల్ పెరిగేకొద్దీ పెరిగింది.

మొన్న లిచ్‌తో, అంటే చచ్చినా బతికే మంత్రగాడితో, ఫైట్‌లో ఏం జరిగిందో చెబుతాను. నా పాత్ర ఫైటర్, అంటే యోధుడు, 13వ లెవెల్. బలం దండిగా ఉంది, విజ్‌డమ్ 8, అంటే ఆ లక్షణం మీద వేసే సేవ్‌కి మైనస్ ఒకటి. ఫైటర్లలో చాలామందికి అంతే ఉంటుంది. లిచ్ డామినేట్ మాన్‌స్టర్ వేసింది, విజ్‌డమ్ సేవ్ ఓడితే మనల్ని తన చెప్పుచేతల్లోకి తీసుకునే మంత్రం అది. అప్పటికే దాంతో కొట్లాడుతున్నాం కాబట్టి నాకు అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు. వేశాను. ఒకటి ఆరు దగ్గర ఆగింది. రెండోది దొర్లుకుంటూ వెళ్లి టీ గ్లాసుకు తగిలి 20 చూపించింది. అందరం ఒక్కసారే అరిచాం. డీఎం (ఆట నడిపేవాడు) నా షీట్ చూసి, "మైనస్ ఒకటి పోతే 19 బావా. డీసీ 20. పోయింది" అన్నాడు. డీసీ అంటే సేవ్ నెగ్గడానికి చేరాల్సిన అంకె. 20 పడితే చాలనే రూల్ దాడికే, సేవ్‌కి లేదు. ఓడిన సేవ్‌ని మళ్లీ వేయనిచ్చే ఫైటర్ శక్తి ఇండామిటబుల్ వాడి మళ్లీ వేద్దామన్నా అంతకంటే పెద్ద అంకె డైస్ మీద లేదు. ఇక లిచ్ చెప్పినట్టు నా కత్తి మా క్లెరిక్ (పూజారి పాత్ర) మీదే.

ఆరు లక్షణాలకూ ఆరు సేవ్‌లు పెట్టడం భలే ఉందని మొదట్లో అందరికీ చెప్పాను. మూడో లెవెల్లో, డీసీ 13 దగ్గర, ఇప్పటికీ అదే మాట. కానీ ప్రొఫిషియన్సీ, అంటే లెవెల్‌తో పెరిగే బోనస్, రెండు సేవ్‌లకే వస్తుంది. మిగతావి ఎక్కడివక్కడే ఉంటాయి, డీసీలేమో ఎక్కుతూ పోతాయి. ఇదే ఆట పాత ఎడిషన్‌లో, 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ పట్టికలో 13వ లెవెల్ ఫైటర్‌కి మంత్రాల మీద 8 పడితే చాలు. అంత పెద్ద వీరుడంటే అలా తట్టుకోవాలి మరి!

2024లో వచ్చిన కొత్త పుస్తకాల్లో ఇండామిటబుల్‌తో మళ్లీ వేసినప్పుడు ఫైటర్ లెవెల్ కూడా కలుస్తుంది. లెక్కేస్తే నా ఫైటర్‌కి అదే లిచ్ మీద సరిగ్గా 8 పడితే చాలు. ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క రూల్ మా టేబుల్‌కి తెచ్చేసుకున్నాం. అయితే నా లెవెల్లో అది లాంగ్ రెస్ట్‌కి (పాత్రలు తీసుకునే పెద్ద విశ్రాంతికి) రెండుసార్లే, మా బార్బేరియన్‌కి అదీ లేదు.

మా బ్యాచ్‌లో పాలడిన్ (పవిత్ర యోధుడి పాత్ర) లేడు. ఉండి పది అడుగుల్లో నిలబడితే వాడి కరిజ్మా లక్షణం బోనస్ అందరి సేవ్‌లకూ కలుస్తుంది, ఈ బాధ అంతగా తెలియదు. ఎనిమిదో లెవెల్లోపు ముగించే క్యాంపెయిన్ అయితే 2014 పుస్తకాలతోనే హాయిగా ఆడుకోవచ్చు. మాలా పైకి వెళ్లేవాళ్లు రెజిలియంట్ అనే ఫీట్‌తో (పాత్రకి ఇచ్చే అదనపు నేర్పు) విజ్‌డమ్ సేవ్‌కి ప్రొఫిషియన్సీ తీసుకోండి. నా ఫైటర్‌కైతే అప్పుడు 16 పడాలి. అదీ కష్టమే, కానీ అసలు దారే లేకపోవడం కంటే నయం.