రా, ప్యూర్, ఆర్గానిక్: తేనె సీసా మీద ఏ మాట చూసి కొనాలి?

తేనె ప్రస్తావన వస్తే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే: "రా హనీ మంచిదా, ప్యూర్ హనీ మంచిదా?" మొన్న మా పిన్ని కూడా ఫోన్ చేసింది, కాకపోతే ఫిర్యాదు చేయడానికి. "ఒరేయ్ నాన్నా, నువ్వు చెప్పావని రా అని రాసున్నదే కొన్నాను. చలి మొదలయ్యేసరికి సగం సీసా పంచదార పేరుకుంది. నిలువునా మోసపోయాను."

మోసపోలేదు. ఎందుకో చెప్పే ముందు ప్యూర్ సంగతి తేల్చేస్తాను. అందులో తేల్చడానికి పెద్దగా ఏమీ లేదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం తేనె అని అమ్మేదాంట్లో ఇంకేదీ కలపకూడదు. ప్యూర్ కానిదాన్ని తేనె అనే వీల్లేనప్పుడు, సీసా మీద ఆ మాట వేయడం నీళ్ళ బాటిల్ మీద 'తడి నీళ్ళు' అని రాసుకోవడమే. అలాగని కల్తీ జరగదని కాదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షకు పంపితే కలిపిన పాకాన్ని పట్టే ఎన్‌ఎంఆర్ అనే ల్యాబ్ పరీక్షలో మూడే నెగ్గాయి. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు, అది వేరే కథ. ఇక మన ఇంటి పరీక్షలంటారా, గ్లాసు నీళ్ళలో తీగలా దిగాలనేది చిక్కటి పాకం కూడా పాసయ్యే పరీక్షే.

రా అంటే పచ్చిది. పచ్చి పాలు అంటామే, ఆ అర్థంలో. తేనెపట్టులో ఉండే వెచ్చదనం 35 డిగ్రీల దాకా ఉంటుంది. అంతకు మించి పెద్దగా వేడి తగలనివ్వకుండా, మైనం ముక్కలూ ఈగల రెక్కలూ పోయేలా వడకట్టి సీసాకెత్తుతారు. పుప్పొడి అందులోనే ఉంటుంది. ఫ్యాక్టరీలో అయితే 60 డిగ్రీల పైన వేడి చేసి, సన్నటి ఫిల్టర్లలోంచి పంపడం మామూలే. పులియదు, తొందరగా పేరుకోదు, షాపులో నెలల తరబడి బంగారంలా మెరుస్తుంది. కానీ పూల వాసన చాలావరకు ఆ వేడికే పోతుంది. నాకు తేనెలో కావలసింది ఆ వాసనే కాబట్టి నా ఓటు 'రా'కే.

ఇప్పుడు పిన్ని సీసా. తేనెలోని గ్లూకోజు చల్లదనానికి విడిపోయి పలుకులు కడుతుంది. పుప్పొడి లాంటి రేణువులు ఉంటే ఇంకా త్వరగా. ఆవపూలు, పొద్దుతిరుగుడు పూల తేనెలైతే కొన్ని వారాల్లోనే గడ్డకట్టేస్తాయి. వెళ్ళి చూశాను. పేరిన నెయ్యిలా తెల్లగా ఉంది. చెంచాతో తీస్తే వెన్నలా వచ్చింది, నాలుక మీద చల్లగా కరిగింది. చేయి పెట్టగలిగేంత వేడి నీళ్ళలో సీసాను కాసేపు ఉంచితే మళ్ళీ కారుతుంది. స్టవ్ మీద పెడితే మాత్రం రా కొన్న డబ్బు దండగ. అలాగని గడ్డకట్టింది కాబట్టి అసలు తేనే అని కూడా అనుకోవద్దు, పంచదార పాకమూ పలుకు కడుతుంది.

రా మేలు అనే నేను ఒక్కచోట వెనక్కి తగ్గుతాను: ఫారెస్ట్ హనీ. కొండలకీ పెద్ద చెట్లకీ పట్టే పెద్ద తేనెటీగలు పెట్టెల్లో ఇమడవు, పొగ పెట్టి తీయాల్సిందే. గదులకు మైనం మూత పడకముందే పట్టు కోస్తే తేనెలో తేమ ఎక్కువుంటుంది. మన నిబంధనల్లో తేమ 20 శాతం దాటకూడదు. రెండేళ్ళ కిందట అరకు దారిలో రోడ్డు పక్కన కొన్న సీసా, జూన్‌లో మూత తిప్పగానే బుస్సుమని నురగ కక్కింది. నా లెక్కన అది కల్తీ కాదు, తడి ఎక్కువై పులిసింది. అందుకే అడవి తేనె కావాలనిపిస్తే తేమ తగ్గించినదే తెచ్చుకుంటాను. 1956 నుంచీ ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, గిరిజనుల దగ్గర కొని శుద్ధి చేసి అమ్ముతోంది కదా.

ఆర్గానిక్ అంటే తేనెటీగ తిరిగే చోటంతా మందులు లేకుండా ఉండాలి. అది రెండు మూడు కిలోమీటర్లు తేలిగ్గా తిరుగుతుంది, పక్క రైతు మిరప తోటకి వెళ్ళొద్దని దానికి ఎవరు చెబుతారు? ఆర్గానిక్ అని ధ్రువీకరించే ప్రభుత్వ గుర్తు ఉంటే సరే, లేకపోతే ఆ మాటకి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

మల్టీఫ్లోరా అంటే రకరకాల పూలది, అంతే. మనూకా న్యూజిలాండ్‌లో ఆ పేరున్న పొద పూలది. ధర చూసి అక్కడే పెట్టేశాను. చిన్న అక్షరాల్లో 'హనీ ఫ్లేవర్డ్ సిరప్' అని కనిపిస్తే అది తేనె కాదు. ఇంకొకటి, రా అయినా ప్యూర్ అయినా ఏడాది నిండని పిల్లలకు నాకించొద్దు. అందులో ఉండగల, బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని వాళ్ళ పేగులు తట్టుకోలేవు.

ఇదంతా విన్నాక పిన్ని అడిగింది, "అయితే ఇలా గడ్డగానే వాడేయొచ్చా?" నిక్షేపంగా. చపాతీకి రాస్తే మోచేతి దాకా కారదు కూడా.